రెండో పసిరిక పాము

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే మొదట నవ్వేది నేనే. పాత బస్తీలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పదిహేడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. గాజుపలక మీద రక్తం చుక్క పెట్టి చూస్తే ఏముందో అదే రాస్తాను. లేనిది రాయను. మా ఇంట్లోనూ అంతే. ఆదివారం మలక్‌పేటలో చర్చికి వెళ్తాం, ప్రార్థన చేసుకుంటాం. గాలి, ధూళి, చేతబడి లాంటి మాటలను అమ్మ గుమ్మం దాటి లోపలికి రానివ్వదు.

అందుకే దీన్ని దెయ్యం కథగా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రాయడానికి మూడేళ్లు పట్టింది. ఇందులో భయపడాల్సిన దానికంటే సిగ్గుపడాల్సింది ఎక్కువ ఉంది.

నాకు పాముల ఫొటోలు తీసే అలవాటు ఉంది, ముఖ్యంగా పచ్చవి. ఒకసారి మా కేంద్రం వెనక నీళ్లు కారే చోట గడ్డిపాము కనిపిస్తే కొట్టబోయారు. అది విషం లేనిదని చెప్పి ఆపాను. దాన్ని దగ్గరగా చూసిన ఆ పది నిమిషాలతో ఈ అలవాటు మొదలైంది. పాత కెమెరా ఒకటి కొనుక్కున్నాను. ఆరాధన అయ్యాక స్కూటీ మీద తోటలూ చెరువు గట్లూ తిరిగేదాన్ని. "చర్చిలకెల్లి సక్కగ పాముల కాడికే పోతవా?" అని అమ్మ ప్రతి ఆదివారం తిట్టేది.

యాదగిరి కాక నాకు షుగర్ పరీక్షల శిబిరంలో పరిచయం. అరవై దాటిన మనిషి, సన్నగా, నుదుటి మీద పాత దెబ్బ మచ్చతో ఉండేవాడు. రక్తం తీస్తుంటే నా ఫోను మీదున్న గడ్డిపాము బొమ్మ వైపు చూశాడు.

"గిది గడ్డిపాము బిడ్డా. నీళ్లకాడ మస్తుంటయి. పసిరిక పామును చూసినవా ఎన్నడన్న?"

"లేదు కాకా. ఫొటోలల్ల చూసుడే."

"మా తోటకు రా. చూపిస్త."

ఆ రోజు ఆయన షుగర్ మూడు వందలు దాటింది. ఆ అంకె రిజిస్టర్‌లో నేనే రాశాను.

ఆయన తోట అన్నది ధూల్‌పేట్‌కు ఇవతల, ఒక బట్టల వ్యాపారి కుటుంబానికి చెందిన పాత దేవిడీ బంగళా వెనక ఉంది. భవనం ఎప్పుడో కూలిపోయింది. జామ చెట్లు, సీతాఫలం చెట్లు, నడుమ నీళ్ల హౌజు, వెనక గోడ నిండా రాధామనోహరం తీగ మిగిలాయి. కాక అక్కడ తోటమాలి, కావలి కూడా ఆయనే. నలభై ఏళ్లుగా ఒక్క పామును కూడా కొట్టలేదని చెప్పేవాడు.

మొదటిసారి ఆ తీగ ముందు నన్ను అరగంట నిలబెట్టాడు. నాకు ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. పసిరిక పాము చిటికెన వేలంత సన్నగా ఉంటుంది, లేత ఆకు రంగు, పెన్సిల్ మొనలాంటి మూతి. కళ్లెదుట ఉన్నా తీగే అనుకుంటాం.

"ఆకులను చూడకు బిడ్డా. గాలికి అన్నీ ఊగుతయి. గాలి ఆగినంక గూడ ఇంకొంచెం ఊగేది ఏందో చూడు," అన్నాడు.

గాలి ఆగింది. మూడు జానల దూరంలో ఒక తీగ ఇంకా ఊగుతోంది. దానికి కన్ను ఉంది. నాకు ఒళ్లు జలదరించింది, సంతోషంతో.

అది కళ్లు పొడుస్తుందంటారు కదా అని అడిగితే నవ్వాడు. "నలభై ఏండ్ల సంది చూస్తున్న. నా కండ్లకు ఏమైంది?"

తర్వాత నాలుగేళ్లు, వానాకాలమంతా ఆదివారాలు అక్కడే గడిపాను. పాము దగ్గర ఆయన మాట్లాడేవాడు కాదు. నాలుకతో రెండుసార్లు టక్ టక్ మనేవాడు. వేలు చూపించేవాడు కాదు, అరచెయ్యి పైకి పెట్టి చాపేవాడు. ఆ చేతి చివరన చూస్తే పాము ఉండేది. నా మంచి ఫొటోలన్నీ నిజానికి ఆయన కళ్లతో తీసినవే.

నాలుగో ఏడు ఆ కళ్లు మసకబారుతున్నాయని నాకు తెలుసు. తీగకు బాగా దగ్గరగా వెళ్లి ఆకులు తడిమేవాడు. ఒకసారి టక్ టక్ మని చెయ్యి చాపితే అది ఒట్టి కాడ. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు కానీ వెంటనే తల తిప్పుకున్నాడు. కళ్ల డాక్టర్‌కు చూపించుకోమని ఒక్కసారి అన్నాను. "చూపిస్త తియ్" అన్నాడు. మూడు నెలలకోసారి ఆయన రక్తం నా బల్ల మీదికే వచ్చేది. అంకె పెరుగుతూ పోయింది. రాసి పక్కన పెట్టాను. స్కూటీ మీద ఎక్కించుకుని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక పూట చాలు. ఆ పూట నాకు దొరకలేదు. ఫొటోలకు మాత్రం దొరికేది.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "ఫొటోలు ఎవ్వలకన్న చూపియ్యి, ఖుషీ. జాగ మాత్రం చెప్పకు."

ఆ ఏడాదే తొండను నోట కరుచుకున్న పసిరిక పాము ఫొటో దొరికింది. పాముల ఫొటోలు పెట్టే ఒక గ్రూపులో పెట్టాను. వందల మంది మెచ్చుకున్నారు. పేరున్న ఫొటోగ్రాఫర్ ఒకాయన, ఎక్కడ తీశారు మేడం, నమ్మలేకపోతున్నాను అని రాశాడు. ఆ పొగడ్త మత్తులో గల్లీ పేరుతో సహా రాసేశాను.

వారంలోపే జనం గోడ దూకారు. కొందరు కెమెరాలతో, ఒకడు ప్లాస్టిక్ డబ్బాతో వచ్చాడు. తీగంతా లాగి పారేశారు. అది చూసి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు భయపడి రెండు పాములను కర్రలతో కొట్టారు. తోటలో పాములు పెంచుతున్నావా అని యజమాని కాకను తిట్టి పనిలోంచి తీసేశాడు.

ఇదంతా నాకు పాములు పట్టి అడవిలో వదిలే రఫీక్ భాయ్ చెప్పాడు. కాక నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ఫోను నా చేతిలోనే ఉంది. ఆయన పేరు చూస్తూ మోగినంతసేపూ అలాగే పట్టుకున్నాను. రెండోసారీ ఎత్తలేదు. ఫొటో తీసేశాను. దాదాపు రెండేళ్లు ఆ దారినే వెళ్లలేదు. కాక కూడా రక్తపరీక్షకు రావడం మానేశాడు.

ఒక శనివారం రఫీక్ భాయ్ ఫోన్ చేశాడు. "మేడం, ఆ తోట ఫంక్షన్ హాల్‌కు ఇచ్చేసిన్రంట. సోమవారం సంది చెట్లు కొట్టుడే."

మర్నాడు పొద్దుటి మొదటి ఆరాధన అయిపోగానే వెళ్లాను. ముందురోజు బాగా వాన కురిసింది, ఆ ఉదయం ఎండ వచ్చింది. గేటు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. రాధామనోహరం మళ్లీ పెరిగి గోడను కప్పేసింది. మిగిలిన పాము ఒక్కటైనా ఉంటే రఫీక్ భాయ్‌ని పిలవాలన్నది నా ఆలోచన. ముప్పావుగంట వెతికాను. ఏమీ కనిపించలేదు.

అప్పుడు వెనక టక్ టక్ మని వినిపించింది.

తిరిగి చూస్తే హౌజు పక్కన యాదగిరి కాక నిలబడి ఉన్నాడు. తెల్ల బనియను, భుజం మీద తువ్వాలు. నాకూ ఆయనకూ మధ్య పదిహేను అడుగులు ఉండొచ్చు. నుదుటి మీద మచ్చ కూడా కనిపించింది. నా వైపు చూడటం లేదు. అరచెయ్యి పైకి పెట్టి తీగ ఎడమ మూలకు చాపాడు. ఏం మాట్లాడాలో తెలియక, మాట్లాడనక్కర్లేదన్న ఊరటతో ఆ చెయ్యి చివరికి చూశాను. కాసేపటికి పసిరిక పాము దొరికింది. గులాబీ రంగు పూల గుత్తి పక్కన, మూతి ఎత్తి ఉంది. కెమెరా ఎత్తాను. పదకొండు ఫొటోలు తీశాను. మొదటి ఫొటో మీద ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలని ఉంది.

తల తిప్పేసరికి కాక లేడు. పిలిచాను. తోటంతా తిరిగాను. కోపంతో వెళ్లిపోయాడనుకున్నాను. కోపం న్యాయమే అనుకున్నాను. హౌజు చుట్టూ మెత్తటి బురద. అందులో నా చెప్పుల గుర్తులు తప్ప వేరే అడుగులు లేవు. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఫోన్ చేస్తే రఫీక్ భాయ్ వచ్చి పామును జాగ్రత్తగా సంచిలోకి తీసుకున్నాడు. ఊరి బయట వదిలేస్తానని వెళ్లిపోయాడు. నాకు ధైర్యం వచ్చింది. కాక తనంతట తానే వచ్చి చూపించాడంటే క్షమించినట్టే కదా. సాయంత్రం నాలుగున్నరకు కెమెరా తీసుకుని ధూల్‌పేట్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గల్లీలో రెండు వైపులా రంగు వేయని గణపతులు ఆరబెట్టి ఉన్నాయి.

కాక భార్య ఎల్లమ్మ తలుపు తీసింది. లోపల నులకమంచం మీద కాక పడుకుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ నా వైపు లేవు.

"కండ్లు వొయ్యి ఎనిమిది నెలలాయె. కాలు తీసి మూడు నెలలు," అంది ఎల్లమ్మ. "పాము ఉసురే తగిలిందని గల్లీల అంటున్నరు."

పాము కాదని నాకు తెలుసు. ఆ షుగర్ అంకెలన్నీ నా చేతిరాతలో ఉన్నాయి.

పొద్దున ఎక్కడికైనా తీసుకెళ్లారా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "యాడికి తీస్కవోతం తల్లీ? మంచం దిగుడే లేదు. పొద్దుగాల మాత్రం పది దాటినంక లేసి కూసున్నడు. చెయ్యి గిట్ల చాపిండు." అరచెయ్యి పైకి పెట్టి చూపించింది. "ఏందయ్యా అంటే, లొల్లి చెయ్యకు, బిడ్డ ఫొటో తీస్తుంది అన్నడు."

"వచ్చినవా బిడ్డా," అన్నాడు కాక. గొంతు మారలేదు. "రెండోదాన్ని ఇడిసిపెట్టి వస్తివి."

"ఏ రెండోది కాకా?"

"దాని ఎనకనే ఉండె గదా. గోడ పగులుకు ఆనుకొని. ఇంకా చిన్నది."

కెమెరా తీసి ఫొటోను పెద్దది చేసి చూశాను. మొదటి పాము మెడ వెనక, గోడ పగులు పక్కన, మసకగా ఇంకో సన్నటి పచ్చటి గీత. దానికి కన్ను ఉంది. పదకొండు ఫొటోల్లోనూ ఉంది. తీసింది నేను, కానీ చూడలేదు. తర్వాత రఫీక్ భాయ్‌కి చూపిస్తే ఆయన కూడా అవి రెండు పాములే అన్నాడు.

"కాకా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"గవన్ని తర్వాత. పొద్దు ఉండంగనే పో," అన్నాడు.

వెళ్లాను. గేటుకు తాళం వేశారు. గోడ నా భుజం ఎత్తు కూడా లేదు. ఇంకా వెలుతురు ఉంది. నా వల్ల ఎంతమంది ఆ గోడ దూకారో తెలిసినదాన్ని, నేను మాత్రం దూకలేకపోయాను. చీర కట్టుకున్నాను కదా అనుకున్నాను, ఎవరైనా చూస్తారనుకున్నాను. తెల్లారి ముందే రావచ్చులే అని ఇంటికి వెళ్లిపోయాను.

ఉదయం ఆరున్నరకు చేరేసరికి పని మొదలైపోయింది. రాధామనోహరం గోడ మీద లేదు, కుప్పగా నేల మీద ఉంది. ఏదైనా పాము కనిపించిందా అని కూలి పనిచేసే ఒకామెను అడిగాను.

"సన్నగ పచ్చగ ఒకటి ఎల్లింది మేడం. మా ఆయన పారతోని కొట్టిండు. అగో."

కుప్ప పక్కన రెండు ముక్కలుగా పడి ఉంది. చిన్నదే. కెమెరా నా మెడలో ఉంది. ఫొటో తీయలేదు.

అటు నుంచి అటే కాక ఇంటికి వెళ్లాను. నా అడుగుల చప్పుడు వినగానే అడిగాడు. "దొరికిందా బిడ్డా?"

"దొరికింది కాకా. రెండిటిని ఒక్కతాననే ఇడిసినం," అన్నాను.

ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. తర్వాత, "సరే బిడ్డా. ఛాయ్ తాగి పో," అన్నాడు. గల్లీ పేరు బయటపెట్టిన సంగతి, ఫోను ఎత్తని సంగతి చెప్పి క్షమించమని అడగడానికే వెళ్లాను. ఆ అబద్ధం ఆడాక ఇక అడగలేకపోయాను. చలికాలం రాకముందే ఆయన పోయాడు.

తర్వాత ఎన్నో విధాలుగా ఆలోచించాను. తోటలో నేను చూసింది కాకలాంటి ఇంకెవరో కావొచ్చు. మనసులో తప్పు ఉన్నవాళ్లకు మనుషులు కనిపించొచ్చు. బురదలో అడుగులు లేకపోవడానికి ఆయన హౌజు గట్టు మీద నిలబడ్డాడేమోనని కూడా అనుకున్నాను. కానీ నాకే కనిపించని పామును, చూపు లేని మనిషి మంచం మీద నుంచి ఎలా చూశాడు? ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పుడప్పుడు తెరిచి చూస్తాను, గోడ పగులు పక్కన అది ఉంటుంది.

నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ఆదివారం నాతో పాటు ఆ తీగను చూసిన మనిషికి, సోమవారం పార కనిపించలేదా? కుప్ప ముందు నేను నిలబడటం కనిపించలేదా? కనిపించే ఉంటే, నేను అబద్ధమాడుతున్నానని తెలిసీ ఛాయ్ తాగి పొమ్మన్నాడా? ఎల్లమ్మ ఛాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన మంచం పక్కన పీట మీద కూర్చుని, ఆఖరి గుక్క దాకా తాగే లేచాను.