పెళ్ళి కాగితం లేని ఇద్దరు

మా పెద్దలు కూలికి ఓడలెక్కి వచ్చిన ఈ చెరకు దీవిలో, రివియేర్ దు రాంపార్ అనే ఊళ్ళో మా తెలుగువాళ్ళ సంఘం ఒక ఇల్లు నడిపేది. చెరకు తోటల్లో సత్తువంతా ధారపోసి, చివరికి నా అన్నవాళ్ళెవరూ లేని ముసలివాళ్ళు అందులో ఉండేవారు. తుపాను వచ్చిన ఏడాది వాళ్ళు తొమ్మిదిమంది. ఇంటింటికీ తిరిగి బియ్యం, పప్పు అడిగి తెచ్చి వాళ్ళకి వండిపెట్టేవాళ్ళం. నేను చక్కెర మిల్లులో గుమస్తాని. ఫ్రెంచి, ఇంగ్లీషు రాయగలవాణ్ణి సంఘంలో నేనొక్కణ్ణే కాబట్టి కాగితం పనులన్నీ నావే.

ఆ ఏడు తుపానుకి ఇంటి కప్పు లేచిపోయింది. చెరకాకు తెచ్చి కప్పాం గాని, చినుకు పడితే ముసలివాళ్ళు గోనెసంచులు నెత్తిన వేసుకుని గోడవారన కూర్చునేవారు. ఇలాంటి ఇళ్ళకి జిల్లా బోర్డు గ్రాంటు ఇస్తోందని మిల్లులో విన్నాను. అర్జీ పెడదామన్నది నేనే. మా గుడి పూజారి మాత్రం జంకాడు.

"సర్కారు చెయ్యి పడితే ఈ ఇల్లు మన మాట వినదు బాబూ."

"రేకుల కప్పు వస్తుంది, డాక్టరు వస్తాడు. ఇంకేం కావాలి?" అన్నాను. నా మాటే నెగ్గింది.

బోర్డు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మర్యాదస్తుడు, టోపీ తీసి లోపలికి అడుగుపెట్టాడు. ఆ తొమ్మిదిమందిలో ఒక జంట ఉండేది. నేను తాత, అవ్వ అని పిలిచేవాణ్ణి. తాతకి చూపు పోయింది. అవ్వే చేపలో ముళ్ళు ఏరి, అన్నంలో కలిపి ముద్ద చేతిలో పెట్టేది. ఇన్‌స్పెక్టరు కాసేపు వాళ్ళనే చూసి, పెళ్ళి కాగితం ఉందా అని నన్నడిగాడు.

లేదు. ఎస్టేటు గుళ్ళో, నలుగురి ఎదుట అయిన పెళ్ళి. అలాంటిది చట్టానికి పట్టదు. పెళ్ళికాని ఆడా మగా ఒకే కప్పు కింద ఉన్న ఇంటికి గ్రాంటు రాదన్నాడు. తక్కిన ఎనిమిదిమందిలో ఆడవాళ్ళు లేరు కనుక, అడ్డం అవ్వ ఒక్కతే. ఆవిణ్ణి దీవికి అటు చివర సుయాక్‌లో ఉన్న ఆడవాళ్ళ ఆశ్రమానికి పంపమన్నాడు.

అయితే ఇప్పుడే పెళ్ళి రాయిద్దామనుకున్నాను. అవ్వ సిగ్గుపడి నవ్వింది. "ఈ వొయసులో నాకు మల్లీ పెళ్ళేటి బాబూ" అంటూనే, పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచిన వలస టిక్కెట్టు, కూలీగా వచ్చినప్పుడు సర్కారు పేరూ వివరాలూ రాసి ఇచ్చింది, తెచ్చి ఇచ్చింది. విప్పి చదివాను. అందులో ఆవిడ ఇంకెవరికో భార్య.

"కోరంగి రేవులో ఒంటరి ఆడదాన్ని ఓడెక్కనిచ్చేది నేదన్నారు" అంది అవ్వ. "పక్కనున్నోడు నా పెనిమిటని సెప్పేసినాను. ఓడ దిగినాక ఆణ్ణి మల్లీ సూడనేదు."

పెళ్ళిళ్ళు రాసే ఆఫీసులో, ఆ మనిషి చచ్చిపోయాడని రుజువు తెస్తేనే పెళ్ళి రాస్తామన్నారు. రాజధాని పోర్ లూయీలో వలస కూలీల ఆఫీసు చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఆ పేరుతో ఏమీ దొరకలేదు.

సంఘం కూర్చుంది. చివరికి తాతే అన్నాడు: "నా ఒక్కడి కోసం అందరూ తడవాలేటి? ఎల్లనీండి దాన్ని."

రైలు స్టేషన్లో తాత అవ్వ మొహమంతా వేళ్ళతో తడిమాడు. కోతలవగానే సుయాక్ తీసుకెళ్తానని నేను మాటిచ్చాను. రేకులు వచ్చాయి. కోతలు సాగుతూనే ఉన్నాయి, మిల్లు రేయింబవళ్ళు ఆడుతోంది, నాకు సెలవు దొరకలేదు. ముద్ద ఎవరు కలిపి పెట్టినా తాత రెండు మెతుకులు తిని చాలనేవాడు. కోతలు ముగియడానికి ఇంకా నెల ఉందనగా పోయాడు.

చెప్పడానికి నేనే వెళ్ళాను. రెండు రైళ్ళు మారి సుయాక్ చేరేసరికి అవ్వ ఆశ్రమం అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్నొక్కణ్ణే చూసింది. చేట కింద పెట్టింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మెడలో పుస్తెలు పైకి తీసి, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"ఇవి తీసేయాలేటి, ఉంచుకోవాలేటి? నీ కాయితంలో నాను ఆయనకి ఏటీ కాను గదా."

ఆవిడే తీసి కొంగున ముడి వేసుకుంది.

"నాతో వచ్చెయ్యి అవ్వా. మా ఇంట్లో ఉందువుగాని" అన్నాను.

అవ్వ నా వైపు చూసింది. కోపంగా కాదు.

"మీ ఇల్లు అప్పుడూ ఉంది గదా బాబూ."

అంతే అంది. నాది రెండు గదుల ఇల్లు, అప్పటికే నలుగురం. ఆ సాకు చెబుదామనుకున్నాను గాని, అసలు సంగతి అది కాదు. అర్జీ రాశాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను, రుజువులు వెతికాను. వాళ్ళిద్దర్నీ నా ఇంటికి తెచ్చుకోవాలన్న ఊహ మాత్రం ఒక్కనాడూ తట్టలేదు.

అవ్వ రాలేదు. సుయాక్‌లోనే మరో ఏడాది బతికింది. నేను రెండుసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా నా పిల్లల్ని పేరుపేరునా అడిగి, టీ పెట్టించి ఇచ్చేది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.