సోఫా మీది కవరు

ఇది ఒక వస్త్ర సామ్రాజ్యం విస్తరించిన మహాగాథ. నిజం చెప్పాలంటే, ప్లాస్టిక్ కవరు కథ.

ఇబ్రహీంపట్నంలో ఖరీదైన సోఫాగుడ్డలు నేయించే మా ఓనరన్న, షోరూంలో ఏ సోఫాకూ కవరు తీయనిచ్చేవాడు కాదు. ఒకరోజు పెద్ద హోటల్ నడిపే మేడమ్ వచ్చారు. ఆమె ఆర్డరిస్తే మగ్గాలకు రెండో షెడ్డు, ఇవ్వకపోతే ఉన్న షెడ్డుకూ తాళమే. ఆమె మఖమల్ తడిమి చూడబోతే చేతికి ప్లాస్టిక్ తగిలింది.

"అన్నా, జర కవర్ తీద్దాం," అని గొణిగాను.

"తీస్తే మాసిపోతది రా! కండ్లతోని సూడమను."

మేడమ్ కూర్చోబోయి సర్రున జారారు. లేచి, "మా గెస్టులు చాయ్ ఒలకబోస్తే మరక పోతుందా?" అని అడిగారు.

"గందుకే గదా మేడమ్, కవర్!" అన్నాడు అన్న, గెలిచినట్టు.

ఆర్డరొచ్చింది, కవర్లకు. రెండో షెడ్డు లేచింది. అందులో కవర్లే కుడతారు. వాటిని ఉతకనక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.