రోజుకో గది వెనక్కి

నేను రక్తం పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తాను. నిజామాబాద్‌లో, ఖలీల్‌వాడిలో. గాలి సోకిందని, ఎవరో చేతబడి చేయించారని చెప్పుకుంటూ వచ్చినవాళ్లకు టైఫాయిడ్ ఉందని కాగితం మీద చూపించి పంపడం నా పని. దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు భయం కాదు, చిరాకు వస్తుంది. ఇప్పటికీ వస్తుంది.

కాబట్టి ఇది చదివి మీకు నా మీద చిరాకొస్తే నేనేమీ అనుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని అడగడం లేదు.

ముందు ఆ ఆట గురించి చెప్పాలి. పదేళ్ల కిందట మా అన్న శ్రీను నిజామాబాద్‌లో ఒక పాత వీడియో గేమ్ డబ్బా కొనుక్కొచ్చాడు. అప్పుడు మేం బోధన్‌లో ఉండేవాళ్లం. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం మేం. బాపు పోయాక అవ్వ బీడీలు చుట్టి మమ్మల్ని సాకింది. అన్న కరెంటు పని నేర్చుకున్నాడు, నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ డబ్బాతో పాటు రెండు డిస్కులు వచ్చాయి. రెండూ ఒకే కథలో భాగాలు, రెండూ భయపెట్టే ఆటలే.

మొదటి ఆటలో ఒక అమ్మాయి దీవి మీద మూతబడిన ఆస్పత్రిలోకి వెళ్తుంది. చిట్టచివర, అడుగున ఉన్న బాయిలర్ గదిలో ఆమెకు ఒక వాచ్‌మన్ శవం కనిపిస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంటాడు, ఒళ్లో డైరీ. అంతే, అతని పాత్ర అక్కడితో సరి.

రెండో ఆట దానికి ముందు జరిగిన కథ. అందులో మనమే ఆ వాచ్‌మన్. గేటు దగ్గర మొదలై, గది తర్వాత గది దాటుకుంటూ కిందికి దిగాలి. ఎక్కడికి చేరతామో ముందే తెలుసు. నా దృష్టిలో ఆ ఆటలో అసలు భయం అదే. దెయ్యాలు, అరుపులు దాని ముందు ఎందుకూ పనికిరావు. గెలిచినకొద్దీ చావుకు దగ్గరవుతుంటాడు మనిషి.

అన్న స్నేహితులకు ఆ ఆట నచ్చలేదు. నత్తనడక అన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. వాచ్‌మన్‌కు నాలుగే జేబులు. కొత్త వస్తువు తీసుకోవాలంటే పాతది నేల మీద పెట్టాలి. పెట్టింది పెట్టినచోటే ఉంటుంది, కావాలంటే వెనక్కి నడిచి తెచ్చుకోవాలి. ప్రతి గదిలో ఒక గోడ గడియారం. దానికి కీ ఇస్తే ఆట అక్కడిదాకా సేవ్ అవుతుంది. అన్న ఆడేవాడు. నేను పక్కన కూర్చుని ఇంగ్లీషు ఉత్తరాలు చదివి అర్థం చెప్పేదాన్ని, ఏ వస్తువు ఏ గదిలో పెట్టామో గుర్తుపెట్టుకునేదాన్ని. అవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ మా వెనక కూర్చునేది. ఆ రోజులు నాకు చాలా ఇష్టం. ఆ మాట దాచుకోను.

బాయిలర్ గదికి ముందున్నది పంపుల గది. అక్కడ గడియారానికి కీ ఇచ్చి అన్న ఆపేశాడు. మళ్లీ ముందుకు ఆడలేదు. ఒక్క గదే కదా, కానియ్ అని నేను ఎన్నిసార్లు పోరుపెట్టినా వినలేదు. "పోతే సస్తడు. ఆడనే ఉండనియ్యి" అనేవాడు. అంత పెద్ద మనిషి, ఆటలో బొమ్మను చంపడానికి మనసొప్పక కూర్చున్నాడని నేను ఆటపట్టించేదాన్ని.

రెండేళ్ల కిందట అన్న గల్ఫ్ వెళ్లాడు. మా దగ్గర ఏ దేశం వెళ్లినా దుబాయ్ పోయిండనే అంటారు. అప్పటికి నాకు ఈ ఉద్యోగం వచ్చి వినాయక్‌నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ డబ్బా నాకిచ్చి, "ఒచ్చినంక ఆడుదాం. నా ఫైల్ ముట్టుకున్నవనుకో, కాళ్లిరగ్గొడ్త" అని చెప్పి వెళ్లాడు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు శుక్రవారం ఫోన్ చేస్తారు. ఆ రోజు వాళ్లకు సెలవు. అన్న ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు. కిందటేడు ఎండాకాలంలో ఒక శుక్రవారం ఫోన్ రాలేదు. తర్వాతి శుక్రవారం కూడా రాలేదు. అన్న నంబరు స్విచాఫ్. పంపించిన ఏజెంటు నంబరూ స్విచాఫ్.

ఇక్కడ మా అవ్వ ఒక తప్పు చేసింది. కొడుకు ఫోన్ చేయడం లేదంటే అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఊరంతా అంటారని ఆమె భయం. చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్లినప్పుడు ఆడవాళ్లు అడిగితే, "చేసిండు, మంచిగున్నడు" అని చెప్పేది. ప్రతి శుక్రవారం అదే అబద్ధం. కలెక్టరాఫీసులో దరఖాస్తు ఇద్దామంటే ఒప్పుకోలేదు. నేనూ ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మూడో శుక్రవారం కూడా అలాగే గడిచింది. సోమవారం డ్యూటీ నుంచి వచ్చాక నాకు ఏమీ తోచలేదు. అల్మారాలోంచి ఆ డబ్బా తీసి టీవీకి తగిలించాను. అన్న ఫైలు తెరిచి ఊరికే చూశాను. పంపుల గది. ముప్పై ఒకటో సేవ్. వాచ్‌మన్ గడియారం కింద నిలబడి ఉన్నాడు. నేను ఏ బటనూ నొక్కలేదు. కాసేపు ఏడ్చి, కట్టేశాను.

మంగళవారం మళ్లీ తెరిచాను. ముప్పై రెండో సేవ్ అని ఉంది. వాచ్‌మన్ మెట్ల గదిలో ఉన్నాడు. అది పంపుల గదికి ముందు దాటి వచ్చే గది. నిన్న నేనే సరిగా చూసి ఉండనని అనుకున్నాను. ఏడుస్తున్న మనిషి చూపు ఎంత నమ్మకమైనదో నాకు తెలుసు.

బుధవారం మందుల స్టోరు. ముప్పై మూడు. ఈసారి ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను. గది తాళం ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంటుంది. నేను నిద్రలో లేచి ఆడుతున్నానేమోనన్న అనుమానం కూడా వచ్చింది. అందుకే ఆ రోజు, సేవ్‌లన్నీ దాచుకునే మెమరీ కార్డు ఊడదీసి, పొద్దున ల్యాబుకు వెళ్లేటప్పుడు ఇచ్చెయ్యమని చెప్పి పక్క వాటాలో ఉండే టీచరమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని పోపుల డబ్బాలో వేసి ఉంచింది. పొద్దున తీసుకుని ల్యాబుకు పట్టుకెళ్లాను. సాయంత్రం దాకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

గురువారం సాయంత్రం పెట్టి చూస్తే వాచ్‌మన్ వంటశాలలో ఉన్నాడు. ముప్పై నాలుగు.

పారిపోవాలనిపించలేదు, లెక్క వేయాలనిపించింది. అతను రోజుకో గది వెనక్కి నడుస్తున్నాడు. వంటశాల వెనక బట్టలుతికే గది, దాని వెనక ఆఫీసు, దాని వెనక గేటు. గేటు దగ్గర ఆట మొదలవుతుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లడానికి గది లేదు. ఆదివారానికి అక్కడికి చేరతాడు. సోమవారం ఏమవుతుందో నాకు తెలియదు.

అప్పుడు నేను చేసిన పని ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. వాచ్‌మన్ జేబుల్లో టార్చి, తాళంచెవి, ఇనుప రాడ్, ఒక మందు సీసా ఉన్నాయి. ఆ సీసా వాడకుండా అన్న చివరిదాకా పిసినారిలా దాచాడు. నేను అన్న మాట మీరి ఆ ఫైలు ముట్టుకున్నాను. నాకు ఆడడం రాదు, వాచ్‌మన్‌ను రెండుసార్లు గోడకు గుద్దించాను. ఎలాగో బట్టలుతికే గదిలోకి నడిపించి, తొట్టి పక్కన నేల మీద ఆ సీసా పెట్టాను. తిరిగి వంటశాలలోకి వచ్చి గడియారానికి కీ ఇచ్చాను. ముప్పై ఐదు. మా అన్నకు ఒక మాత్ర కూడా పంపలేని స్థితిలో ఉన్నాను కదా. అంతకంటే నాకు వేరే కారణం తెలియదు.

శుక్రవారం. నాలుగో శుక్రవారం కూడా ఫోన్ రాలేదు. వాచ్‌మన్ బట్టలుతికే గదిలో ఉన్నాడు. ముప్పై ఆరు. తొట్టి పక్కన సీసా లేదు. జేబులు చూశాను. టార్చి ఉంది, తాళంచెవి ఉంది, రాడ్ ఉంది. నాలుగో జేబు ఖాళీ.

శనివారం పొద్దున సెలవు చెప్పి బోధన్ బస్సెక్కాను. ఇంటికి వెళ్లలేదు. నేరుగా బీడీ కార్ఖానాకు వెళ్లాను. ఆడవాళ్లంతా గంపలు ముందు పెట్టుకుని వరసలో కూర్చుని ఉన్నారు, వాళ్లలో అవ్వ కూడా ఉంది. అందరి ముందూ చెప్పేశాను. మా అన్న నెల రోజులుగా ఫోన్ చేయడం లేదు, ఎక్కడున్నాడో తెలియదు, మీ వాళ్లెవరైనా ఆ దేశంలో ఉంటే వెతకమని చెప్పండి అని. ఆట సంగతి మాత్రం ఎత్తలేదు.

అవ్వ ముఖం చూడలేకపోయాను. "ఇజ్జత్ తీసినవ్ గదనే" అంది, అంతే.

ఆమె పక్కన కూర్చున్న లచ్చక్క లేచింది. ఆమె పుట్టిల్లు ఏర్గట్ల. "గిన్ని దినాలు కడుపుల వెట్టుకున్నవా అక్కా? మా తమ్ముని కొడుకు ఆడనే ఉన్నడు గదా!" అని అవ్వ మీద కేకలేసింది. అవ్వ చేయి మాత్రం వదల్లేదు. అక్కడికక్కడే ఫోన్ తీసి మేనల్లుడికి వాయిస్ మెసేజ్ పెట్టింది. అన్న ఫొటో, చివరిసారి పనిచేసిన చోటు నేను పంపాను. ఇంకో నలుగురు వాళ్ల కొడుకులకు, మొగుళ్లకు పంపారు.

ఆ సాయంత్రం గదికి తిరిగొచ్చి చూస్తే వాచ్‌మన్ ఆఫీసులో ఉన్నాడు.

ఆదివారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఎనిమిది. వెనక మూసిన గేటు. నేను టీవీ కట్టేయలేదు. కడితే ఏదో అయిపోతుందనిపించింది. ఏడవుతుండగా ఫోన్ మోగింది. లచ్చక్క. "దొరికిండే!" అని ఒక్కటే అరుపు.

అన్న తను పనిచేసే ఊరి బయట ఒక రేకుల షెడ్డులో దొరికాడు. కాంట్రాక్టరు పని ఆపేసి, పాస్‌పోర్టులు పట్టుకుని మాయమయ్యాడట. తోటివాళ్లు తలో దిక్కు పోయారు. అన్న జ్వరంతో లేవలేక అక్కడే ఉండిపోయాడు, ఫోన్ ఎవరో ఎత్తుకుపోయారు. ఏర్గట్ల పిల్లవాడు, అతని స్నేహితులు ఆస్పత్రిలో చేర్పించారు. కాగితాలన్నీ చేయించుకుని ఇల్లు చేరేసరికి రెండు నెలలు పట్టింది.

వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్న తనంతట తానే ఆ ఆట మాట ఎత్తాడు. నేను ఆట గురించి అప్పటికి ఎవరికీ చెప్పలేదు, ఫొటో ఎవరికీ చూపించలేదు. షెడ్డులో పిచ్చెక్కకుండా ఉండటానికి కళ్లు మూసుకుని ఆ ఆట ఆడుకునేవాడినని చెప్పాడు.

"ముంగట బాయిలర్ గది ఉన్నది గదా. గందుకే ఎనకకు మర్లిన. రోజుకొక్క గది. అంతకన్న ఎక్కువ నడుద్దామంటే ఆయాసమొస్తుండె" అన్నాడు. మళ్లీ తనే, "బట్టలుతికే గదిల తొట్టి పక్కన మందు సీసా కనవడ్డది. నేనైతే పెట్టలె. జెరంల గట్ల కనవడ్డదేమో. తాగిన. తెల్లారి జెరం దిగింది. లేశి తలుపుదాక పోయిన" అన్నాడు.

అప్పుడు నేను ఫోన్ తీసి ఫొటో చూపించాను. మొత్తం చెప్పాను. ఫైలు ముట్టుకున్నందుకు నన్ను తిట్టలేదు.

జ్వరం దానంతటదే దిగి ఉండొచ్చు. దిగుతుంది, అది నాకు తెలుసు. ఆ పాత డబ్బాలో ఏదో లోపం వచ్చి ఫైలు మారి ఉండొచ్చు. కానీ లోపం రోజుకో గది చొప్పున ఎలా వస్తుందో నాకు అర్థం కాదు. ఆ సీసా ఎక్కడికి పోయిందో అర్థం కాదు. ఆదివారం తర్వాత ఎన్నిసార్లు తెరిచినా వాచ్‌మన్ గేటు దగ్గరే ఉన్నాడు, ఇప్పటికీ ఉన్నాడు. నా చదువులో దీనికి పరీక్ష లేదు.

ఇదంతా అవ్వ చాట పక్కన పెట్టి విన్నది. నమ్మిందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. అన్న వైపు తిరిగి, "ఆడ ఎన్ని దినాలు తినకుంట ఉన్నవురా?" అని అడిగింది.

"నాలుగు దినాలు" అన్నాడు అన్న.

అవ్వ నా వైపు చూసింది. "మందు వెట్టినవ్, మంచిగనే ఉన్నది. గింత బువ్వ గూడ పెట్టద్దా బిడ్డా?"

ఆ ఆటలో అన్నం దొరకదవ్వా అని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. సీసా పెట్టిన రోజు నేను వాచ్‌మన్‌ను నడిపించింది వంటశాలలోంచే. వెతకాలని నాకు తోచనే లేదు.