బావిలోకి దిగిన గ్యాస్ మాస్కు

నీళ్ళలో మునగాలనుకునే కొత్తవాళ్ళకు ఏమేం సామాన్లు కావాలో నన్నడగండి. ఆ సామాన్లతోనే చావు దాకా వెళ్ళి వచ్చినవాణ్ణి నేను.

యుద్ధం ముగిసిన కొత్తల్లో చిక్కపేటలో మిలిటరీవాళ్ళ పాత సామాను కుప్పలు పోసి అమ్మేవాళ్ళు. అక్కడో గుడ్డలంగట్లో గుమాస్తాగా ఉన్న నేను ఒక గ్యాస్ మాస్కు కొన్నాను. ఎందుకంటే ఏం చెప్పను? ఇరవయ్యేళ్ళ వయసు!

ఆ వారమే మా వదిన బంగారు గాజు పెరటి బావిలో పడింది.

"మునిసామిని పిలుస్తా," అన్నాడు అన్న. మునిసామి గోచీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, బావుల్లో పడ్డ బిందెలు తీసే మనిషి.

"అది పాతకాలం పద్ధతిలేన్నా. నా దగ్గర సామాను ఉండాది," అన్నాను.

"వద్దప్పా," అంది వదిన. "గాజు పోతే ఇంకోటి చేయించుకుంటా. మరిది పోతే యాడ తెచ్చేది?"

వింటేనా! మాస్కు అడుగున గాలి వడగట్టే డబ్బా పీకేసి, సైకిల్ ట్యూబులు అతికించి పొడుగాటి గొట్టం చేసి, దాని రెండో కొస గాలికోసం గట్టు మీద పెట్టాను. నడుముకి రాళ్ళ సంచి, చంకల కింద తాడు. "ఒకసారి లాగితే తాడు వదులు, రెండుసార్లు లాగితే నన్ను పైకి లాగు," అని అన్నకు పాఠం చెప్పి దిగాను.

రెండు బారల లోతుకు పోగానే నీళ్ళ ఒత్తిడికి ట్యూబు అప్పడంలా అణిగిపోయింది. పీలిస్తే గాలి లేదు. మాస్కు లోపలికి చల్లగా నీళ్ళు పాకుతున్నాయి. చుట్టూ చీకటి. నిండా మునిగినవాడికి చలి లేదంటారే, ఆ మాట అన్నవాడు బావి గట్టు మీద కూర్చుని అనుంటాడు. నాకు చలీ ఉంది, వణుకూ ఉంది, వదిన మాట వినలేదన్న ఏడుపూ ఉంది.

భయంలో లెక్కెక్కడిది? తాడు పట్టుకుని వరసగా గుంజాను. పైన అన్న, "ఏడుసార్లు లాగినాడే! ఏడుకి ఏమి చెప్పినాడు?" అని వదినను అడిగాడట.

"లెక్క తర్వాత! ముందు లాగు!" అని ఆమె అరిస్తే లాగాడు.

నా తల నీళ్ళు దాటి గట్టు దగ్గరికొచ్చింది. సరిగ్గా అప్పుడే పక్కింటి సుబ్బమ్మవ్వ బిందె పట్టుకుని వచ్చి బావిలోకి తొంగి చూసింది. రెండు గాజు కళ్ళు, నల్లటి తొండం!

"దయ్యమప్పో!" అని కేక పెట్టి మా అన్నను వాటేసుకుంది. తాడు జారిపోయింది.

రెండోసారి పడ్డ ఊపుకి సంచి తెగింది, మాస్కు ఊడింది. ఎలాగో పైకి తేలి, వదిన విసిరిన చేదను కౌగిలించుకుని బయటపడ్డాను. తాగిన నీళ్ళన్నీ కక్కి, కంబళి కప్పుకుని వణుకుతూ కూర్చున్నాను.

చివరికి మునిసామే దిగాడు. కాసేపటికి ఒక చేత్తో గాజు, ఇంకో చేత్తో మాస్కు పట్టుకుని తేలాడు.

"అమ్మా, ఈ తలకాయ ఎవురిది?"

వదిన నా వైపు చూసింది. "లోపల ఏమన్నా ఉండాదా?"

"ఏమీ లేదమ్మా, ఖాళీ."

"అయితే మా మరిదిదే."

నీళ్ళన్నవి తాగడానికీ, చెంబుతో ఒంటిమీద పోసుకోడానికీ తప్ప ఇంకెందుకూ ముట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆ చెంబులోకి కూడా ముందు తొంగి చూశాకే చెయ్యి పెడతాను.