రూతు పెంచిన దేవుని కోడి

కొత్త వడ్ల వాసన తగిలితే ఎవరికైనా పొలం గుర్తుకొస్తుంది, నాకు మాత్రం చర్చి గుర్తుకొస్తుంది. మహబూబాబాద్ మార్కెట్ పక్కనుంచి రోజూ బడికి పోతాను. కోతల రోజుల్లో ఆరబోసిన వడ్ల మీదుగా ఆ పచ్చి దుమ్ము వాసన ముక్కుకు సోకిందంటే, పిల్లలకు పాఠం చెప్పాల్సిన పంతులమ్మను, పొద్దున్నే మనసు పాడుచేసుకుని బడికి చేరతాను.

మాది డోర్నకల్ దగ్గర చిన్న ఊరు. తాతల కాలం నుంచీ మేం క్రైస్తవులం. ఊళ్లో అందరికీ ఎన్ని పండుగలున్నా మాకు అసలైన పండుగ కోతల పండుగే. కొత్త పంట ఇంటికి చేరకముందే దేవుని భాగం చర్చికి చేరేది: వరి మోపులు, గుమ్మడికాయలు, ఎర్రటి మిరపపండ్ల గంపలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక్కో ఏడు ఒక మేకపిల్ల. పాస్టరు అయ్యగారు వాక్యం చెబుతుంటే మధ్యలో కోడి కూసేది, పిల్లలం నవ్వు ఆపుకోలేక మూతికి చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లం, పెద్దవాళ్లు కళ్లు ఉరుముతూనే వాళ్లూ నవ్వేవాళ్లు. చర్చి వెనుక కాగుల్లో కూర ఉడుకుతుండగా ఏసోబు తాత ఆ కానుకలకు వేలం పాట మొదలుపెట్టేవాడు. బావ మీద పంతానికి బామ్మర్ది పాట పెంచేవాడు, ముదిరిన సొరకాయను వెర్రి ధరకు కొనుక్కుని దాన్ని నెత్తిన పెట్టుకుని గుంపు మధ్యలో తిరిగేవాడు. అంత నవ్వు నేను ఆ తర్వాత ఇంకెక్కడా వినలేదు.

పండుగకు చాలా ముందే ఇంటింటా దేవునికి ఏదో ఒకటి విడిచిపెట్టేవారు. ఒకరు ఒక మడి, ఒకరు ఒక జామచెట్టు. అలా విడిచినదాన్ని ఇంట్లో ఎవరూ తినకూడదు, అమ్మకూడదు. తెలంగాణ కొట్లాట నడిచిన ఏడు మా చెల్లె రూతు ఒక నల్ల కోడిపిల్లను పట్టుకొచ్చి అందరి ముందూ పెట్టింది.

"గిది దేవునిది. ఎవ్వలు ముట్టద్దు."

నూకలు చల్లడం, గంప కింద మూయడం, పిల్లి వస్తే కట్టె పట్టుకుని ఉరకడం, అన్నీ తనే. ఆరేళ్ల పిల్ల పెత్తనం చూసి నాయిన మురిసిపోయేవాడు.

వానలు వెనకబట్టిన ఆ రోజుల్లో ఊరు ఊరంతా తెలంగాణ కోసం రైలు పట్టాల మీదనే ఉంది. పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వండేవారు, డప్పు కొట్టేవారు, ఆడవాళ్లు బతుకమ్మ ఆడేవారు. రైళ్లు రాని పట్టాల మీద చేతులు చాపి నడవడం మాకు ఎంత సంబరమో! నాయిన ముందు వరుసలో కూర్చునేవాడు. రూతు ఆయన ఒడిలో కూర్చుని ఆకులో కిచిడీ తినేది.

అప్పుడే రూతుకు జ్వరం వచ్చింది. ఊళ్లో సూదులిచ్చే డాక్టరు మొదట మామూలు జ్వరమే అన్నాడు, తర్వాత పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. నేను ఉరుక్కుంటూ పట్టాల దగ్గరికి పోయి నాయినను పిలుచుకొచ్చాను. బస్సులు బంద్, రైళ్లు బంద్. రైలును ఆపినవాళ్లలో నాయినే ముందున్నాడు. ఆటో దొరికేసరికి ఎండ దిగింది, మహబూబాబాద్ రాకముందే మా రూతు అమ్మ ఒడిలో పోయింది. రైలుంటే బతికేదా అని నాయిన ఎందరినో అడిగాడు. అవునని గాని కాదని గాని ఎవరూ చెప్పలేదు.

మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ కొన్నాళ్లు నేల మీద నుంచి లేవలేదు. తర్వాత ఒక ఆదివారం తలంటుకుని, చర్చిలో ముందు వరుసలో పోయి కూర్చుంది. తిరిగొచ్చాక పొయ్యి ముట్టించింది. "నా బిడ్డ ఆయన దగ్గర మంచిగున్నది" అంది, నమ్మే అంది. నాయిన ఆ మాట విని బయటికి పోయాడు.

కోతల పండుగ వచ్చింది. కోడి పెద్దదయింది. పొద్దున్నే అవ్వ దాని కాళ్లు కడుతుంటే నాయిన అడ్డంపడ్డాడు.

"పిల్ల పాయె. గీ కోడినన్న ఉండనియ్యవా?"

"ఇస్తనన్నది నా బిడ్డ. దాని మాట ఎట్ల తప్పుత?"

అవ్వ తీసుకుపోయింది. వేలంలో ఏసోబు తాత ఆ నల్ల కోడిని పైకెత్తాడు. చర్చికొచ్చినా బయట అరుగు మీదే కూర్చునే నాయిన లోపలికొచ్చి వేలం పాడాడు. ఆ కోడి ఎవరిదో అందరికీ తెలుసు. పంతాలకు పోయే బావలు, బామ్మర్దులు అందరూ తలలు వంచుకున్నారు. ఒక్కరూ పాట పెంచలేదు. జనం అంత దయ చూపించడం చూసి నాకు భయమేసింది.

నాయిన కోడిని చంకలో పెట్టుకుని ఇంటికొస్తే అవ్వ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"దేవునికిచ్చినదాన్ని మల్ల గుంజుకొస్తవా?"

"ఆయన గుంజుకోలేదా?"

అవ్వ ఏడ్చింది. తెల్లారి కోడిని తనే అయ్యగారింట్లో ఇచ్చి వచ్చింది. నాయిన ఆపలేదు. కొన్నాళ్లకు అయ్యగారింటికి చుట్టాలొచ్చారు, కోడిని కోశారు. వాళ్ల తప్పేం లేదు, కానుకగా వచ్చిన కోళ్లను కోసుకోవడం మామూలే. ఆ సంగతి తెలిశాక నాయిన మళ్లీ చర్చి గడప తొక్కలేదు. తెలంగాణ వచ్చిన రోజు ఊరంతా గులాలు చల్లుకుని, ముందు వరుసలో కూర్చున్న మనిషివని ఆయన్ను పిలవడానికొచ్చారు. "మంచిగైంది" అని, భుజాన పార వేసుకుని పొలానికి పోయాడు.

అవ్వకు మాత్రం ఆ నమ్మకం చివరిదాకా కరగలేదు. బిడ్డను చూడటానికి పోతున్నదానిలాగే నిరుడు నెమ్మదిగా కళ్లు మూసింది.

మొన్నటి కోతల పండుగకు నాయిన తనంతట తనే చర్చికి వస్తానన్నాడు. ఇప్పుడక్కడ వరి మోపుల్లేవు, కోళ్లు లేవు. అందరూ కానుక డబ్బు పెట్టిన కవర్లు వేస్తారు, వేలం లేదు, మధ్యాహ్నానికి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఏసోబు తాత ఎప్పుడో పోయాడు. ఆరాధన అంతసేపూ నాయిన ముందు వరుసలో అవ్వ కూర్చునే చోట కూర్చుని, గోడలు, పైకప్పు, బల్ల మీది పువ్వులు అన్నీ వెతికినట్టు చూశాడు. అందరూ పోయాక నన్నడిగాడు.

"మీ అవ్వకు గీడ ఏడ దొరికింది బిడ్డా గది? నాకేం కానొస్తలేదు."

ఆ నమ్మకం నాకూ దొరకలేదని, ప్రతి ఆదివారం దానికోసమే వచ్చిపోతున్నానని ఆ ముసలాయనకు ఎట్లా చెప్పను?