కప్పు తట్టి చూసే కాక

మా క్వార్టర్ పక్కింటి కాక బొగ్గుబావిలో సర్దార్. షిఫ్టు మొదలవగానే కర్రతో గని పైకప్పును తట్టి, తల ఒక పక్కకు వంచి వినడం ఆయన డ్యూటీ. చప్పుడు డొల్లగా వస్తే కప్పు కూలేలా ఉందని గ్రహించి "బయటకు నడువుండ్రి" అనేవాడు. అందరూ వెళ్లాకే తను కదిలేవాడు. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. మేం కొత్తగా కొన్న బీరువాను కూడా తట్టి విని, "ఫికర్ లేదు, పడది" అని హామీ ఇచ్చాడు.

ఒక ఏడాది ఆయన కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందన్నారు. చదువుకున్నవాణ్ని కదా అని హైదరాబాద్ దవాఖానకు నన్ను తోడు తీసుకెళ్లాడు. నేను చదివింది కామర్స్.

ఆపరేషన్‌కు ముందు నాళాల సత్తువ చూడాలని డాక్టర్ ఆయన చేతికి పట్టీ బిగించి, ఐదు నిమిషాలకు వదిలాడు. సూది లేదు, కోత లేదు.

"రోగం కడుపుల ఉంటే పట్టీ చేతికేంది సారూ?"

"రక్తం ఒక్కసారిగా వస్తే మంచి నాళం సాగుతుంది. చేతిలోది చూస్తే మిగతావాటి సంగతి కొంత తెలుస్తుంది."

"అంటే తట్టి సూసుడే గదా!" కాక సంబరపడ్డాడు.

చేతికి ఆనించిన స్కానింగ్ యంత్రంలోంచి రక్తం పారే చప్పుడు వినిపించింది. కాక తల పక్కకు వంచాడు. డాక్టర్ తెర చూసి, మళ్లీ కొలిచి, "అనుకున్నంత సాగడం లేదు..." అంటూ ఆగాడు.

కాక నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు బయటకు నడువు."

ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వేసే అలవాటు నాది. ఆ రోజు మాత్రం చెప్పగానే బయటకు నడిచాను. తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది, ఆయన ఇంకా లోపలే ఉన్నాడని.