డ్రైవరు రూలు

మెట్ల మీదికే వినిపించింది ఆ శబ్దం. అప్పటిదాకా పైన హాల్లో బటన్ల చప్పుడు, రేకుల కప్పు మీద వానలా ఎడతెరిపి లేకుండా కురుస్తూ ఉంది. ఆ వానలోంచి ఒక్క చుక్క దారి తప్పి గాజు మీద పడ్డట్టు, చిన్నగా, ‘టింగ్’ అంది. అంతే, వాన ఆగిపోయింది.

మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కు మూతలోకి టీ వంచుకుంటున్న ఆవిడ చెయ్యి అక్కడే ఆగింది. ఆట మధ్యలో ఎవరి బొటనవేలో పాజ్ బటన్‌కు తగిలిందన్నమాట. తగిలినా ఏమీ కాకూడదు. పోటీ రోజు పొద్దున్నే ఆరు వీడియో గేమ్ కన్సోళ్ళలోనూ పాజ్ పనిచేయకుండా ఆపేయడం ఆవిడ పనే. ఆపేశాననే అనుకుంది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ ఒక్కొక్కటే తలుచుకుంది. ఐదోది ఆపుతుండగా ఎవరో ప్లగ్గు కాలిన వాసన వస్తోందంటే అటు పరిగెత్తింది. ఆ తర్వాత ఆరోదాని దగ్గరికి వెళ్ళిన గుర్తు ఎంత వెతికినా దొరకలేదు.

ఆవిడను అందరూ రూల్సక్క అంటారు. ఇవాళ ఆవిడ గురించి నాలుగు మాటలు రాసుకుంటామని పత్రికవాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. వారంలో ఆరు రోజులు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడే ఉంటుంది. కాలరు, కాజాలు, చంకలో కుట్టు. తప్పు కనబడితే ఎర్ర స్టిక్కరు. సాయంత్రానికి కళ్ళ ముందు చొక్కాలు లేకపోయినా చొక్కాలే వేలాడుతుంటాయి. నెలకో ఆదివారం మాత్రం ఫర్నిచర్ షాపు పైనున్న ఈ హాలుకు వస్తుంది. ఇక్కడ తెర మీద ఇద్దరు బొమ్మ మనుషులు కొట్టుకుంటారు, తెర ముందు ఇద్దరు నిజం మనుషులు కొట్టుకోకుండా ఆవిడ చూస్తుంది.

పదకొండేళ్ళ కిందట చెల్లెలి కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని ఒక ఆటల షాపుకు వెళ్ళింది. అక్కడ ఒక టైలరు, ఇంకొకతను చొక్కాలు పట్టుకుని ఉన్నారు. అవతలివాడు నడిమధ్యలో పాజ్ నొక్కాడట, టైలరు చేతి ఊపు చెదిరి ఓడిపోయాడట. “మీ రూలు ఎక్కడ రాసుంది?” అని అడిగింది ఆవిడ, ఫ్యాక్టరీలో అడిగినట్టే. ఎక్కడా రాసి లేదు. సంచిలో ఉన్న చెకింగ్ స్లిప్పు వెనక తనే రాసింది: పాజ్ నొక్కినవాడికి ఆ రౌండు పోయినట్టే. టైలరు ఓటమి మాత్రం మారలేదు. ఆ స్లిప్పు ఆవిడ మెడకు చుట్టుకుంది. తనకు ఆట రాదు, బొటనవేళ్ళు మాట వినవు. అయినా ఇప్పటికి నలభై రూళ్ళు రాసింది.

ఆ నోట్‌బుక్కులో ప్రతి రూలుకూ ఓ మనిషి పేరో, ఓ గొడవ పేరో ఉంటుంది. పాజ్ సంగతి టైలరు రూలు. వెనక నిలబడి దగ్గుతో సైగలు చేయకూడదనేది దగ్గు రూలు. గెలిచిన రౌండును ఎదుటివాడికి ధారపోయకూడదనేది బావమరుదుల రూలు, ఒక ఏడాది ఇద్దరు బావమరుదులు వంతులేసుకుని ఒకరికొకరు ఓడిపోతూ ఫైనలు దాకా వచ్చేశారు. అన్నిటికీ పైన, మొదటి పేజీలో ఇంకో మాట ఉంది: గొడవ జరిగిన రోజు రాసిన రూలు ఆ గొడవకు వర్తించదు. మధ్యలో కొన్నాళ్ళు అప్పటికప్పుడు సరిచేసేవాళ్ళు. దాంతో ఓడిన ప్రతివాడూ ఓ కొత్త రూలు అడగడం మొదలుపెట్టాడు. ఆట పోయి మాటలు మిగిలాయి. అప్పుడు పెట్టారు ఈ కట్టుబాటు. అప్పట్నుంచి ఏ రూలు తీసుకున్నా, ఎవరి వల్ల పుట్టిందో వాళ్ళకు మాత్రం అది పనికిరాలేదు.

హాల్లోకి వెళ్ళేసరికి ఆరో కన్సోల్ చుట్టూ జనం. తెర మీద బొమ్మలు గాల్లోనే నిలిచిపోయి ఉన్నాయి, ఒకడి పిడికిలి ఇంకొకరి చెంపకు బెత్తెడు దూరంలో. ఆ పిడికిలి డ్రైవరుది. ఆ చెంప ఆవిడ చెల్లెలి కూతురిది.

చెరో రౌండు గెలిచారు. ఇది మూడోది, ఆఖరిది. గెలిచినవాళ్ళు పెద్ద పోటీకి వెళ్తారు, ఉన్నది ఒక్కటే సీటు. సిటీ బస్సు నడిపే డ్రైవరు పదకొండేళ్ళుగా ఆ సీటు కోసం వస్తున్నాడు. ఈ ఒక్క ఆదివారం సెలవు దొరకడానికి పదకొండు ఆదివారాలు ఇంకొకళ్ళ డ్యూటీలు చేశాడు.

“నా వేలేనక్కా,” అన్నాడు డ్రైవరు, ఆవిడ అడక్కముందే. “పొద్దస్తమానం స్టీరింగు పట్టుకునే వేలు. జారింది.”

ఆవిడ వంగి సెట్టింగులు తెరిచింది. చూడనక్కర్లేదు, అయినా చూసింది.

“ఇది నేను ఆపలేదు,” అంది అందరికీ వినబడేలా. “ఐదే ఆపాను. తప్పు నాది.”

వెనక కుర్చీలోంచి బ్యాంకు క్యాషియరు అందుకున్నాడు. ప్రతి నెలా మొదటి రౌండులోనే ఓడిపోయి, తర్వాత రోజంతా వ్యాఖ్యానం చేసే మనిషి. “మర్చిపోతే పోయింది గానీ, సరిగ్గా మేనకోడలు... కాదులే, కూతురు వరస... ఆ పిల్ల మ్యాచ్ దగ్గరే మర్చిపోవడం భలే కుదిరింది.”

ఎవరో నవ్వారు. ఎవరో ఊరుకోమన్నారు. ఆవిడ ఆ మాటను కాలరు మీది మరకను చూసినట్టు చూసింది.

“పెద్దమ్మా, మళ్ళీ ఆడతాం,” అంది పిల్ల, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని. “నాకిలా వద్దు. ఇంకొక్క దెబ్బ పడితే నేను పోయేదాన్నే కదా.”

“బావమరుదుల రూలు.”

“మేం బావమరుదులం కాదుగా.”

“బాబాయ్ అని పిలుస్తావుగా. ఏ వరసైనా ఒకటే.”

“తప్పు నీదైతే శిక్ష ఆయనకేంటి?” అన్నాడు క్యాషియరు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

ఆవిడ నోట్‌బుక్కు తిరగేసింది. నలభై రూళ్ళూ నోటికొచ్చు. నిర్వాహకులే తప్పు చేస్తే ఏం చేయాలన్నది ఎక్కడా లేదని కూడా తెలుసు. ఇన్నేళ్ళూ ఇతరుల తప్పులకే కొలతలు తీసింది. మళ్ళీ ఆడించేస్తే ఎంత తేలిక. ఈ హాల్లో ఒక్కరూ కాదనరు. కానీ దగ్గు రూలప్పుడు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయిన మనిషి గుర్తొచ్చాడు. టైలరు గుర్తొచ్చాడు. వాళ్ళకు లేని వెసులుబాటు తన తప్పును కడుక్కోవడానికి ఎలా వాడుకుంటుంది? వాడుకోకపోతే మాత్రం సొంత పిల్లకు దోచిపెట్టినట్టే ఉంటుంది. ఎటు తిప్పినా కుట్టు బయటికే కనబడే చొక్కా అది.

“రౌండు అమ్మాయిది,” అంది. “మ్యాచ్ కూడా.”

హాల్లో ఫ్యాను చప్పుడు కొత్తగా వినిపించింది.

డ్రైవరు కాసేపు గాల్లో ఆగిన తన పిడికిలినే చూశాడు. తర్వాత కంట్రోలర్ వైరును ఒద్దికగా, చుట్ట మీద చుట్ట, పసిపిల్లకు జడ వేస్తున్నట్టు చుట్టసాగాడు. చుట్టడం అయ్యాక అడిగాడు.

“అయితే నా మీద కూడా ఒకటి రాస్తావన్నమాట.”

“రాస్తాను. నిర్వాహకులు పాజ్ ఆపకపోతే రౌండు మళ్ళీ ఆడాలని.”

“రేపట్నుంచి.”

“రేపట్నుంచి.”

“డ్రైవరు రూలు,” అన్నాడు, నోట్లో వేసుకుని రుచి చూసినట్టు. “బానే ఉంది. ఏ కుర్రకుంకకో పనికొస్తుంది. వాడికి నేనెవరో కూడా తెలీదు.” లేచి సంచి భుజాన వేసుకున్నాడు. “పొద్దున ఆరున్నర బండికేగా వస్తావు?”

ఆవిడ తలూపింది. ఫ్యాక్టరీకి వెళ్ళేది అతని బస్సులోనే.

“ముందు సీటు ఆపుతాలే. నిలబడి నిలబడి చచ్చిపోతున్నావు.”

అతను మెట్లు దిగుతున్న చప్పుడు చివరిదాకా విన్నది. తిట్టి వెళ్ళినా ఇంత బరువుగా ఉండేది కాదు. పిల్ల వచ్చి పక్కన కూర్చుని పెద్దమ్మ భుజానికి తల ఆనించింది. గెలిచిన మొహంలా లేదు అది.

ఐదింటికి హాలు ఖాళీ చేయాలి. వైర్లు చుట్టడం అందరూ మొదలుపెట్టారు. ఆవిడ నోట్‌బుక్కు తొడ మీద పెట్టుకుని నలభై ఒకటో రూలు రాసింది. పైన డ్రైవరు పేరు పెట్టింది. కాసేపాగి, ఎవరూ అడక్కుండానే, నలభై రెండోది కూడా రాసింది: ఇలాంటి తప్పు చేసిన నిర్వాహకులు ఏడాదిపాటు పోటీ నడపకూడదు. దానికి చెకింగ్ రూలు అని పేరు పెట్టి, పెన్ను మూత బిగించింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగాయి.

అప్పుడు క్యాషియరు మొదటి పేజీ తిప్పి, అక్కడున్న మాటను వేలితో చూపించాడు.

ఆవిడ గురించి రాసుకోవడానికి వచ్చిన పత్రికవాళ్ళు, మెట్ల దగ్గర సెలవు తీసుకుంటూ, అయితే వచ్చే నెల నుంచి విశ్రాంతేగా అని అడిగారు. ఆవిడ చల్లారిపోయిన టీని మెట్ల పక్కన పారబోసి, ఫ్లాస్కుకు మూత పెట్టింది.

“ఎక్కడి విశ్రాంతి? అది రాసింది ఇవాళే కదా, ఇవాళ్టి తప్పుకు వర్తించదు. వచ్చే నెలా నేనే రావాలి. మీరేమైనా రాసుకోండి గానీ, పాజ్ ఆపాల్సినవి ఆరు అని ఎక్కడో ఒకచోట రాయండి. నేను చదువుకుంటాను.”